తోమినా పోని మరక: ముందు గిన్నె ఆరనివ్వండి

చెయ్యి నొప్పి పుట్టేదాకా తోమాను, మరక పోలేదు అన్నవాళ్లని నేను అడిగేది ఒకటే. మీరు చూసింది తడి గిన్నెనా, పొడి గిన్నెనా? చాలామంది సింకులో, నీళ్లు కారుతుండగానే చూసి తేల్చేస్తారు. తడి గిన్నె నిజం చెప్పదు. గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, వెలుతురులో పెట్టి, పొడి వేలితో రాసి చూడండి.

తడిలో మాయమై, ఆరగానే తెల్లగానో బూడిద రంగులోనో తేలి, వేలికి గరగరలాడితే అది గార. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి గట్టిపడి అంటుకున్నవి. తడిలోనూ పొడిలోనూ ఒకేలా గోధుమ రంగులో, బంకగానో వార్నిష్‌లా నున్నగానో ఉంటే మాడిన నూనె. రంగు కనిపిస్తూ వేలికి ఏమీ తగలకపోతే అసలది మురికే కాదు, లోహం పైపొర రంగు మారింది, అంతే.

ఇది తేలాక రెండో ప్రశ్న: గిన్నె స్టీలా, సిలవరా (అంటే అల్యూమినియం), ఇనుమా, ఇత్తడా? గారకి పులుపు కావాలి, అంటే వెనిగరో, నిమ్మరసమో, నిమ్మ ఉప్పో. జిడ్డుకి, మాడుకి సోడా కావాలి. కానీ సోడా సిలవరుకి పడదు, పులుపు ఇనుముకి పడదు. ఈ రెండూ గుర్తుంటే సగం గిన్నెలు బతికిపోతాయి.

అడుగున నల్లగా మాడింది

స్టీలు గిన్నె అయితే కంగారు పడాల్సిన పని లేదు. మాడు మునిగేలా నీళ్లు పోసి, లీటరుకి రెండు పెద్ద చెంచాల వంట సోడా వేసి పావుగంట మరిగించండి. మరుగుతున్న కొద్దీ వంట సోడాలో కొంత బట్టల సోడాగా మారి ఘాటు పెరుగుతుంది. అందుకే చన్నీళ్లలో కలిపిన సోడా చెయ్యలేని పని ఇది చేస్తుంది. గోరువెచ్చగా అయ్యాక చెక్క గరిటెతో గీకితే పెచ్చులుగా లేస్తుంది. లేవకపోతే మళ్లీ మరిగించండి. ఇనప పీచు జోలికి పోకండి, దాని సంగతి తర్వాత చెబుతాను.

సోడాకీ లొంగదు, పులుపుకీ లొంగదు

నన్ను బాగా ఏడిపించింది ఇదే. రోజూ నీళ్లు కాచుకునే ఒక పెద్ద స్టీలు గిన్నె ఉండేది. లోపల, నీటిమట్టం దగ్గర, బూడిద గోధుమ రంగులో ఒక పట్టీ కట్టింది. ఆరితే గరుకు. గారే కదా అని వెనిగర్ చుక్క వేశాను. చుక్క ముత్యంలా అలాగే నిలబడింది, ఒక్క బుడగ రాలేదు. సరే, గార కాదన్నమాట, మాడిన జిడ్డు అనుకుని సోడాతో మరిగించాను. కాస్త రంగు తగ్గింది, పట్టీ కదల్లేదు. చివరికి అందరూ చేసేదే చేశాను: సోడా చల్లి, దాని మీద వెనిగర్ పోశాను. బుసబుసమని నురగ! భలే పని చేస్తోందని మురిసిపోయాను. కడిగి చూస్తే పట్టీ పట్టీలాగే ఉంది. కొన్ని వారాలు ఇదే తంతు.

నురగ సంగతి ముందు తేలుద్దాం. సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్, గిన్నెలో మిగిలేది సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లు. జిడ్డు తీసే సోడా లేదు, గార కరిగించే పులుపూ లేదు. చూడ్డానికి హడావుడి, పని శూన్యం. మూసుకుపోయిన చోట ఆ పొంగు కాస్త కదిలిస్తుందేమో గానీ, గిన్నె గోడకి అంటుకున్నదాన్ని ఏమీ చెయ్యలేదు.

మరి అసలు దొంగ ఎవరు? అక్కడ ఉన్నది ఒక మరక కాదు, రెండు. ముందు గార పట్టింది. గార పైకి గట్టిగా కనిపించినా లోపల సన్నని రంధ్రాలతో గరుకుగా ఉంటుంది. పొయ్యి పక్కన ఎగిరే నూనె తుంపరలు, సరిగా కడగని సబ్బు జిడ్డు ఆ గరుకులో ఇంకి, వేడికి గట్టిపడతాయి. దాని మీద మళ్లీ గార, మళ్లీ జిడ్డు. పైన నూనె పొర ఉంటే వెనిగర్ చుక్క కింది గారను తాకనే తాకదు. అందుకే బుడగ రాలేదు, అందుకే నేను ‘గార కాదు’ అని తప్పు తేల్చాను. సోడా పై జిడ్డును తీసింది గానీ కింది గారను కరిగించడం దాని పని కాదు. రెండిట్లో ఏదీ తప్పు మందు కాదు. వరస తప్పింది, మధ్యలో కడగడం తప్పింది.

అనుమానం తీరాలంటే ఇలా చూడండి. ఆరిన గిన్నెలో పట్టీ మీద అరంగుళం మేర సబ్బుతో, వేడినీళ్లతో గట్టిగా రుద్ది, కడిగి, తుడిచి, అప్పుడు అక్కడ వెనిగర్ చుక్క వెయ్యండి. ఈసారి చుక్క పరుచుకుని సన్నగా బుడగలొస్తే రెండు పొరల మరకే.

మందు: మొదట సోడా నీళ్లు, పట్టీ మునిగేదాకా, పావుగంట మరిగించడం. పారబోసి సబ్బుతో తోమి, రెండుసార్లు కడగండి. ఇక్కడ బద్ధకిస్తే మిగిలిన సోడా తర్వాత పోసే పులుపుని తినేస్తుంది. ఇప్పుడు వెనిగరూ నీళ్లూ సమానంగా కలిపి పోసి, వెచ్చబెట్టి, అరగంట వదిలెయ్యండి. మరిగించొద్దు, ఆ ఆవిరి ముక్కుకీ కళ్లకీ మంచిది కాదు. కిటికీ తెరిచి ఉంచండి. గోడ నుంచి బుడగలు లేస్తుంటే గార కరుగుతున్నట్టే. పట్టీ గిన్నె అంచు దాకా ఉంటే, అదే నీళ్లలో ముంచిన గుడ్డని దాని మీద అంటించి ఉంచండి.

ఒక్క విడతతో పోకపోతే మందు మార్చకండి, ఇదే వరస మళ్లీ. పొరలు ఎన్నుంటే అన్ని విడతలు. నా గిన్నెకి మూడు పట్టాయి. ఒక హెచ్చరిక: ఈ చిరాకులో బ్లీచింగ్ పౌడర్ వైపు చూడకండి. అది పులుపుతో కలిస్తే క్లోరిన్ విషవాయువు వస్తుంది.

పోయాక మళ్లీ రాకూడదంటే కడిగిన గిన్నెని బోర్లించి వదిలెయ్యకుండా పొడిగుడ్డతో తుడవండి. నీటి చుక్క ఎక్కడ ఆరితే దాని లవణం అక్కడే మిగులుతుంది.

కొత్త స్టీలు గిన్నెకి తుప్పు చుక్కలు

నకిలీ స్టీలని తిట్టుకునే ముందు మీ పీచు ఏదో చూసుకోండి. ఇనప పీచు నుంచి రాలిన సన్నటి ముక్కలు గిన్నెకి అంటుకుని, తుప్పు పట్టేవి అవే. వంట సోడా ముద్దతో రుద్ది, కొంచెం నిమ్మరసం రాసి కడిగితే పోతాయి. సోడా కడిగేశాకే నిమ్మరసం, పైన చెప్పిందే. పీచు మార్చండి.

స్టీలు అడుగున నెమలి కంఠం రంగులు తేలితే అది వేడికి పైపొర మందం మారడం. చెంచాడు వెనిగర్ రాస్తే పోతుంది, రాయకపోయినా నష్టం లేదు.

సిలవరు కుక్కర్ లోపల నల్లబడింది

సోడా వేశారా? అదే కారణం. వెయ్యకపోయినా కఠినజలం మరిగితే ఇలాగే అవుతుంది, దానిలోనూ క్షారం ఉంటుంది. నీళ్లలో నిమ్మ తొక్కలో, రెండు చెంచాల వెనిగరో వేసి పది నిమిషాలు మరిగిస్తే తెల్లబడుతుంది. రాత్రంతా పులుపుతో నానబెట్టకండి, లోహాన్నే తింటుంది.

ఇనప పెనం బంకగా ఉంది

నూనె ఎక్కువ పూశారు. పలచటి పొర వేడికి గట్టిపడుతుంది, మందపు పొర సగం ఉడికి బంకగా ఆగిపోతుంది. సబ్బుతో కడిగి, పొయ్యి మీద తడి లేకుండా ఆరబెట్టి, ఒక్క చుక్క నూనె రాసి, అది కూడా పొడిగుడ్డతో తుడిచేసి, సన్నగా పొగ వచ్చేదాకా కాచండి. పులుపు తగిలితే ఆ పూత ఊడుతుంది, కింద తుప్పు తయారు.

ఇత్తడి మెరిసింది, వెంటనే మళ్లీ చిలుము

పులుపూ ఉప్పూ రాసి సరిగా కడగలేదు. మిగిలిన పులుపే కొత్త చిలుముకి విత్తనం. తోమగానే సబ్బుతో కడిగి, ఆ నిమిషమే తుడవండి. గులాబీ రంగు మచ్చలు వస్తే పులుపుని ఎక్కువసేపు ఉంచారన్నమాట: జింకు కరిగిపోయి రాగి పైకి తేలింది. మెత్తటి పొడితో రుద్దుకోవాల్సిందే. లోపల కళాయి (తగరం పూత) ఉన్న పాత్రని ఖాళీగా పొయ్యి మీద పెట్టకండి, తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది.

నాన్‌స్టిక్ గీతలు పడితే ఏ సోడా బాగుచెయ్యదు. వెండి నల్లబడితే అల్యూమినియం రేకు, వేడినీళ్లు, వంట సోడా చాలు. స్టీలు అడుగున సూదిమొన గుంటలు పడ్డాయా? చన్నీళ్లలో ఉప్పు వేసి కదపకుండా వదిలేస్తే అడుగున పేరుకున్న ఉప్పు చేసే పని అది. పూడవు. ఇకనుంచి నీళ్లు మరిగాక ఉప్పు వెయ్యండి, ఆ గిన్నె అలాగే వాడుకోండి.