డెలివరీ తర్వాత జుట్టు కుచ్చులుగా ఊడుతోందా? ఇలా చేయండి

డెలివరీ అయ్యి మూడో నెల దాటాక దువ్వెన నిండా జుట్టు వస్తుంటే కంగారు పడకండి, కడుపుతో ఉన్నప్పుడు ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఎక్కువుండి ఊడాల్సిన జుట్టు కూడా ఆగిపోతుంది కదా, ఇప్పుడు అదంతా ఒకేసారి రాలుతుంది, బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి చాలామందికి మామూలైపోతుంది. ఖరీదైన నూనెలు, సీరమ్‌లూ నన్నడిగితే దండగే. జడ బిగించొద్దు. పథ్యం పేరు చెప్పి పప్పు, గుడ్లు, ఆకుకూరలు మానేయొద్దు, ఐరన్ మాత్రలు డెలివరీ తర్వాత కూడా 180 రోజులు వేసుకోవాలి. ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు, రాలిన వెంట్రుక బిడ్డ కాలివేలికి చుట్టుకుంటే రక్తం ఆగి వేలు వాచిపోతుంది, ఎందుకో తెలీకుండా గుక్కపట్టి ఏడుస్తుంటే ముందు సాక్సులు విప్పి చూడండి, వెంట్రుక తీయడం రాకపోతే వెంటనే ఆస్పత్రికెళ్ళండి. ఏడాదైనా రాలడం ఆగకపోయినా, నీరసం, గుండెదడ ఉన్నా థైరాయిడ్, హిమోగ్లోబిన్ టెస్టులు చేయించుకోండి.