పాత పత్రికల లిస్టింగులు స్పెక్ట్రమ్‌లో నడవకపోతే: సమస్య - పరిష్కారం

1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటరు విడుదలైన తరువాత సింక్లెయిర్ యూజర్, యువర్ స్పెక్ట్రమ్ వంటి పత్రికలు నెలనెలా ప్రోగ్రాములను వరుసలు వరుసలుగా అచ్చు వేసేవి; వీటినే లిస్టింగులు అనేవారు. పాఠకుడు వాటిని వరుస వరుసగా టైపు చేసుకోవాలి. ఆ సంచికలను ఇప్పుడు సంపాదించి, అసలు యంత్రం మీదో, దొరికిన అనుకూల యంత్రం మీదో నడపాలనుకునేవారికి లోపం మూడు చోట్ల ఎదురుకావచ్చు: యంత్రంలో, టైపింగులో, అచ్చులో. చాలామంది తమ టైపింగునే ముందుగా అనుమానించి రాత్రిళ్లు పాడు చేసుకుంటారు. నేను మాత్రం యంత్రంతోనే మొదలుపెట్టమంటాను.

యంత్రం చేతికి రాగానే ఒక జాగ్రత్త. స్పెక్ట్రమ్ అడాప్టరు 9 వోల్టులది, పైగా దాని పిన్ను మధ్యభాగం నెగటివ్. ఇప్పుడు బజారులో దొరికే అడాప్టర్లలో ఎక్కువ వాటికి మధ్యభాగం పాజిటివ్ కాబట్టి, మీటరుతో చూసుకోకుండా గుచ్చవద్దు. ఇలా కాలిపోయిన బోర్డుకు మరొకటి వెతకడం చాలా కష్టం.

లక్షణం: ప్రోగ్రాము మొదలవుతూనే "ర్యామ్‌టాప్ నో గుడ్" లేదా "అవుట్ ఆఫ్ మెమరీ" అని ఆగిపోతుంది.

కారణం చాలాసార్లు యంత్రం మెమరీ 48కె (కిలోబైట్లు) కాక 16కె కావడమే. పైకి రెండూ ఒకేలా ఉంటాయి కనుక అమ్మేవారికే తెలియకపోవచ్చు. ప్రింట్ పీక్ 23732+256*పీక్ 23733 అని కొట్టి చూడండి. 65535 వస్తే 48కె పూర్తిగా ఉన్నట్టు. 32767 వస్తే యంత్రం 16కె కావచ్చు, లేదా 48కె యంత్రంలో పై మెమరీ చిప్పులు పాడై ఉండవచ్చు. పెట్టె తెరిచి ఆ చిప్పులు అసలు ఉన్నాయో లేదో చూస్తే సంగతి తేలిపోతుంది.

లక్షణం: బొమ్మ రావలసిన చోట "స్పెక్ట్రమ్", "ప్లే" అనే మాటలు వస్తాయి, లేదా మెషీన్ కోడ్ (ప్రాసెసరు నేరుగా అమలు చేసే, సంఖ్యల రూపంలోని ఆదేశాలు) మొదలవగానే యంత్రం బిగుసుకుపోతుంది.

ఇది తరువాత వచ్చిన 128కె స్పెక్ట్రమ్‌ల సమస్య. 48కె యంత్రంలో ప్రోగ్రామరు సొంతంగా గీసుకునే బొమ్మలకు 'ఎ' నుంచి 'యు' వరకు 21 స్థానాలుండేవి. 128 బేసిక్‌లో, అంటే ఈ యంత్రాల్లోని బేసిక్ ప్రోగ్రామింగు భాషలో, చివరి రెండింటిని, అంటే 163, 164 సంఖ్యలను, ఆ రెండు కొత్త ఆదేశాలకు ఇచ్చేశారు. అదేవిధంగా మెమరీలో 23296వ చిరునామా నుంచి 256 బైట్ల ప్రింటరు బఫరు (అచ్చు సమాచారం తాత్కాలికంగా ఉండే చోటు) ఖాళీగానే ఉంటుందన్న నమ్మకంతో పత్రికల్లో ఎందరో చిన్న చిన్న మెషీన్ కోడ్ ముక్కలను అక్కడ పెట్టేవారు. 128 బేసిక్ ఆ చోటును తన అవసరాలకే వాడుకుంటుంది. రెండింటికీ మందు ఒకటే: ఆన్ చేయగానే వచ్చే మెనూలో "48 బేసిక్" ఎంచుకోవడం.

లక్షణం: బేసిక్ భాగం చక్కగా నడిచి, మెషీన్ కోడ్‌ను పిలిచే "యూఎస్ఆర్" దగ్గర యంత్రం ఆగిపోతుంది.

యంత్రం అమెరికాలో 1983లో వచ్చిన టైమెక్స్ సింక్లెయిర్ 2068 అయితే, లోపం మీది కాదు. స్పెక్ట్రమ్ రోమ్ (యంత్రం సొంత ప్రోగ్రాములుండే, మార్చలేని మెమరీ) 16కె, దీనిది 24కె. లోపలి రొటీన్ల చిరునామాలు మారిపోయాయి కాబట్టి వాటిని నేరుగా పిలిచే కోడ్ దారి తప్పుతుంది. స్పెక్ట్రమ్ రోమ్ ఉన్న కార్ట్రిడ్జి పెడితే నడుస్తుంది. మన దేశంలో 1986లో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ లైసెన్సు తీసుకుని తెచ్చిన డీబీ స్పెక్ట్రమ్ ప్లస్‌కు ఈ బెడద లేదు. ఎక్కడైనా పాత సామాన్లలో కనబడితే వదులుకోవద్దు.

లక్షణం: ఎంటర్ కొడితే వరుస లోపలికి పోదు, ప్రశ్నార్థకం మినుకుమంటుంది.

"<" తరువాత "=" విడిగా కొట్టి ఉంటారు. 48 బేసిక్‌లో "<=", "<>", ">=" ఒక్కొక్కటీ ఒకే గుర్తు; సింబల్ షిఫ్ట్ పట్టుకుని వరుసగా క్యూ, డబ్ల్యూ, ఇ మీటలు నొక్కాలి.

లక్షణం: డేటా వరుసలు (మెషీన్ కోడ్ సంఖ్యలుండేవి) చదువుతుండగా "ఇంటీజర్ అవుట్ ఆఫ్ రేంజ్" లేదా "అవుట్ ఆఫ్ డేటా" వస్తుంది.

ఇక్కడ కామాను వెతకాలి. "62,2" మధ్య కామా పోతే 622 అవుతుంది; బైటులో 255కు మించి పట్టదు కనుక మొదటి సందేశం వస్తుంది. "6,2" మధ్య పోతే 62 అవుతుంది, అది సరైన విలువే కనుక యంత్రం ఊరుకుంటుంది. చివరికి ఒక సంఖ్య తక్కువై రెండో సందేశం వస్తుంది. కామా బదులు చుక్క పడినా ఇదే ఫలితం. ఒకసారి నేను రెండు సాయంత్రాలు వెతికిన తప్పు, స్కాను కాపీలో తోక చెరిగిపోయి చుక్కలా కనిపించిన ఒక కామా.

ఈ వెతుకులాటకు మంచి ఉపాయం ఉంది. చాలా లిస్టింగులను జెడ్‌ఎక్స్ ప్రింటరు వెండి రంగు కాగితం మీద వరుసకు 32 అక్షరాల చొప్పున తీసి, దానినే పత్రికలో అచ్చు వేసేవారు. తెర మీద కూడా వరుసకు 32 అక్షరాలే కనుక, పేజీని తెర పక్కన పెట్టి వరుసల చివరి అక్షరాలను పైనుంచి కిందికి పోల్చుకుంటూ పోతే, ఎక్కడ అవి కలవకుండా పోతాయో ఆ వరుసలోనే ఒక అక్షరం తప్పిపోయిందో, ఎక్కువైందో అన్నమాట. విడిగా టైపుసెట్ చేసిన లిస్టింగుకు ఇది పనికిరాదు. అందులో సున్నా మీద అడ్డగీత కూడా ఉండదు కాబట్టి సున్నాకు, 'ఓ' అక్షరానికి తేడాను సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి.

అన్నీ సరిచూసినా నడవకపోతే లోపం అచ్చులోదే అయి ఉండవచ్చు. సవరణలు సాధారణంగా తరువాతి సంచికల్లో, పాఠకుల ఉత్తరాల దగ్గర చిన్న అక్షరాల్లో వచ్చేవి. అందుకే విడి సంచిక కంటే వరుసగా ఆరేడు నెలల సంచికలు సంపాదించడం మేలని నా అభిప్రాయం. వెతుకులాట సాగినంత కాలం, రన్ కొట్టే ముందు ప్రతిసారీ టేపు మీద సేవ్ చేసి, వెరిఫై చేసుకోండి. మెషీన్ కోడ్‌లో ఒక్క బైటు తప్పినా యంత్రం తిరిగి మొదటికి వచ్చి, మీరు కొట్టినదంతా చెరిగిపోతుంది.