పైపులో పారే ఇసుక పల్ప్: శాంపిల్ ఎక్కడ తీయాలి, ఎలా కొలవాలి

పాత నెల్లూరు జిల్లాలో గూడూరు, చిల్లకూరు, కోట వైపు సిలికా ఇసుక కడిగే ప్లాంటుల్లో పనిచేసేవాళ్ళ కోసం ఇది. పంపు పైపుకి పక్కన చిన్న ట్యాప్ బిగించి, దాంట్లోంచి సీసా నింపి ల్యాబ్‌కి పంపే అలవాటుంటే దయచేసి మానేయండి.

అడ్డంగా పోయే పైపులో పల్ప్, అంటే ఇసుకా నీళ్ళూ కలిసిన మిశ్రమం, అంతటా ఒకేలా ఉండదు. ముతక రేణువులు, ఇల్మనైట్ లాంటి ఇనుమున్న బరువు ఖనిజాలు అడుగున ఎక్కువగా పోతాయి, సన్నవి పైన తేలుతూ పోతాయి. ట్యాప్ అడుగునుంటే ఇనుము ఎక్కువ చూపిస్తుంది, పైనుంటే తక్కువ. గాజు ఫ్యాక్టరీవాళ్ళు ముందు చూసేదే ఇనుము, కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. పైగా అలాంటి ట్యాప్‌లోంచి వంద శాంపిళ్ళు తీసి సగటు కట్టినా తప్పు అలాగే ఉంటుంది.

పైపు చివర పల్ప్ ట్యాంకులోకి ధారగా పడే చోటే శాంపిల్ తీయాలి. కట్టర్‌ని, అంటే ధారకి అడ్డంగా లాగి శాంపిల్ పట్టే నోరున్న డబ్బాని, ధారకి ఒక పక్క బయట మొదలుపెట్టి, మధ్యలో ఆగకుండా ఒకే వేగంతో రెండో పక్క పూర్తిగా బయటికి లాగండి. కట్టర్ నోరు అన్నిటికన్నా పెద్ద రేణువుకి కనీసం మూడింతలుండాలి, రేణువు ఎంత సన్నదైనా 10 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. వేగం సెకనుకి 0.6 మీటర్లు దాటొద్దు. కట్టర్ నిండి పొర్లితే ఆ శాంపిల్ పారబోసి మళ్ళీ తీయండి, ఎందుకంటే పొర్లేటప్పుడు సన్నదే ముందు పోతుంది. షిఫ్టంతా సమాన వ్యవధిలో తీసి ఒకే బకెట్లో కలపండి. బరువు తగ్గించుకోవడానికి పైన తేరిన నీళ్ళు మాత్రం వంచకండి.

ఇక కొలత. లీటరు డబ్బా నిండా పల్ప్ పట్టి, డబ్బా బరువు తీసేసి తూచండి. 1.30 కిలోలు వచ్చిందనుకుందాం, అంటే పల్ప్ సాంద్రత 1.30. సిలికా సాంద్రత 2.65. పల్ప్ సాంద్రతలోంచి నీళ్ళ సాంద్రత 1 తీసేసి 2.65తో గుణించి, దాన్ని 1.30 × 1.65తో భాగిస్తే 0.37, అంటే బరువులో 37 శాతం ఇసుక. అప్పుడప్పుడూ అదే శాంపిల్‌ని 105 డిగ్రీల ఓవెన్లో ఎండబెట్టి తూచి సరిచూసుకోండి.

ప్రవాహానికి మాగ్నెటిక్ ఫ్లోమీటర్ బాగా పనిచేస్తుంది, కానీ పైపు నిండుగా పారాలి. అందుకే పల్ప్ కింది నుంచి పైకెక్కే నిలువు పైపుకి బిగించడం మంచిది. గంటకి 50 ఘనమీటర్లు చూపిస్తే, 50 × 1.30 × 0.37, దాదాపు 24 టన్నుల పొడి ఇసుక. మీటర్ లేనిచోట కొలత తెలిసిన డ్రమ్ము, స్టాప్‌వాచ్ చాలు, కాకపోతే ధార మొత్తం డ్రమ్ములోనే పడాలి.