పిల్లలు ఇష్టపడే పనిలోంచే లెక్కలు కనిపెట్టేలా ఎలా చేయాలి?

లెక్కల పుస్తకం తీస్తే టెన్షన్ పడే పిల్ల, సంక్రాంతి నెలలో వాకిట్లో 15 చుక్కల ముగ్గు ఒక్క చుక్క తప్పకుండా పెట్టేస్తుంది. అలాంటి పిల్లకి లెక్కలు రావనడం అన్యాయం. తనకొచ్చిన లెక్కను తనే చూసుకునేలా మనం చేయగలిగింది ఇదీ.

1. ముందు ఒక వారం ఊరికే గమనించండి. ఖాళీ దొరికితే ముగ్గుల దగ్గరికి వెళ్తోందా, క్రికెట్ దగ్గరికా, వంటింట్లోకా? "ఇందులో లెక్కలున్నాయి తెలుసా" అని మాత్రం అనొద్దు. ఆ మాటతో ఆట కాస్తా హోంవర్క్ అయిపోతుంది.

2. పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి. "7 చుక్కలు, 4 వరకు, సందు చుక్క. మొత్తం ఎన్ని పెట్టావమ్మా?" మధ్య వరుసలో 7, పైకి 6, 5, 4, కిందికి మళ్ళీ 6, 5, 4. మొదట వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెడుతుంది. పెట్టనివ్వండి. పైన ఎన్నో కిందా అన్నే అని ఎప్పుడో తనే పట్టుకుంటుంది. మొత్తం 37.

3. ఇప్పుడు చిన్న ముగ్గులు వేయమనండి. 5 నుంచి 3 వరకు అయితే 19, 3 నుంచి 2 వరకు అయితే 7, ఒంటి చుక్క 1. ముగ్గుపిండితోనే నేల మీద వరసగా రాయించండి: 1, 7, 19, 37. మొదటి నుంచి కలుపుకుంటూ పోతే 1, 8, 27, 64. అన్నీ ఘనసంఖ్యలే (ఒకే సంఖ్యను మూడుసార్లు గుణిస్తే వచ్చేవి: 2×2×2 = 8, 3×3×3 = 27)! నాకు ఇది ఎన్నిసార్లు చూసినా ముచ్చటగానే ఉంటుంది. ఇంట్లో రూబిక్స్ క్యూబ్ ఉంటే ఒక మూల కంటికి ఎదురుగా వచ్చేలా పట్టుకోమనండి. కనిపించే ముక్కలు సరిగ్గా 19. దాని అంచు కూడా ముగ్గులాగే ఆరు పలకలుగా కనిపిస్తుంది.

4. తర్వాతి ముగ్గు, 9 నుంచి 5 వరకు, ఎంత రావచ్చో ఊహించమనండి. తప్పు చెబితే సరిదిద్దకండి. చుక్కలు పెట్టి చూసుకుంటే 61 అని తనకే తెలుస్తుంది. నోరు కట్టుకుని కూర్చోవడం పెద్దవాళ్లకి చాలా కష్టం, కానీ అసలు పని ఇదే.

5. క్రికెట్ పిచ్చి ఉన్న పిల్లాడైతే 4.3 ఓవర్లలో 36 పరుగులు తీసుకోండి. కాలిక్యులేటర్‌లో 36ని 4.3తో భాగిస్తే 8.37 వస్తుంది. స్కోర్‌కార్డులో రన్‌రేట్ 8 అని ఉంటుంది. ఎవరిది తప్పని వాడినే తేల్చమనండి. 4.3 అంటే 4 ఓవర్ల మీద 3 బంతులు, ఓవర్‌కి ఆరు చొప్పున 27 బంతులు, అంటే నాలుగున్నర ఓవర్లని తేలిన రోజున దశాంశ బిందువు వాడికి మొదటిసారి అర్థమవుతుంది.

6. పేర్లు చివర్లో చెప్పండి. ఘనసంఖ్య, అంకశ్రేఢి (4, 5, 6, 7లా ఒకే తేడాతో నడిచే వరస) లాంటి మాటలు తను కనిపెట్టాకే చెప్పి, ముగ్గుల పుస్తకంలో ఆ ముగ్గు పక్కనే తన చేత్తో రాసుకోమనండి.