మెమరీ కాదు, డిస్క్

హనుమకొండలో మా ఇంటి కంప్యూటర్ తెరుచుకునేలోపు టీ కాచుకుని తాగేయవచ్చు. మెమరీ పెంచాలని దుకాణంలో చెప్పారు. నాకు నమ్మకం కుదరలేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి, ఏ భాగం ఎంత పనిలో ఉందో చూపే టాస్క్ మేనేజర్ చూశాను. 8 జీబీ మెమరీలో సగం ఖాళీ, ప్రాసెసర్ తీరిగ్గా ఉంది. డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర బిగుసుకుపోయింది. కంప్యూటర్‌తో పాటే మొదలయ్యే ప్రోగ్రాముల స్టార్టప్ పట్టికలో అనవసరమైనవి ఆపితే కాస్త నయమైంది, అంతే. పాత హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరగాలి, ముల్లు వెతకాలి. వందల చిన్న ఫైళ్లు ఒకేసారి అడిగితే దానికి ఊపిరాడదు. పళ్లెం, ముల్లు లేకుండా చిప్‌లలోనే సమాచారం దాచే 256 జీబీ ఎస్‌ఎస్‌డీ కొని, విండోస్ దాని మీద కొత్తగా వేశాను. పనిలో పనిగా ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్ము దులిపాను. ఓరుగల్లు ఎండలకు అదీ అవసరమే. ఇప్పుడు 20 సెకన్లలో తెర సిద్ధం. పాత డిస్క్‌ను పెళ్లి వీడియోలకు అట్టిపెట్టాను.