పెళ్లికి ముందే బాప్తిజమా? 1634 చిక్కు ఇలా విడింది

మా కోడలి పూర్వీకుడు 1635లో ఇంగ్లండు నుంచి మసాచుసెట్స్ వెళ్లి స్థిరపడ్డాడు. మనవడి కోసం ఆ వంశవృక్షం రాస్తుంటే ఒకచోట ఆగిపోయాను. ఇంగ్లండులోని సఫోక్ జిల్లా చర్చి రిజిస్టరులో పెళ్లి 1634 మే, తొలి బిడ్డ బాప్తిజం 1634 ఫిబ్రవరి! వేరే కుటుంబమేమో, కొట్టేయమంది కోడలు. నాకు మనసొప్పలేదు.

ఆ ఒక్క పద్దే కాకుండా రిజిస్టరు వరుసగా చదివాను. డిసెంబరు తర్వాతి జనవరి, ఫిబ్రవరి కూడా 1634గానే సాగి, మార్చి 25న 1635 మొదలైంది. ఇంచుమించు మన ఉగాదిలా వాళ్ల సంవత్సరాదీ అప్పట్లో మార్చిలోనే. 1752లో గానీ ఇంగ్లండు, దాని వలస రాజ్యాలు జనవరి 1కి మారలేదు. అంటే ఆ బాప్తిజం మన లెక్కలో 1635 ఫిబ్రవరి. ఆ ఏప్రిల్‌లో వాళ్లు ఎక్కిన ఓడ ప్రయాణికుల జాబితాలోని పసిబిడ్డ వీడే!

ఇప్పుడు అలాంటి తేదీలన్నీ 1634/35 అని జంటగా రాస్తున్నాను. అక్కడి పాత రికార్డుల్లో ‘మొదటి నెల’ అని ఉంటే మార్చి అనే చదవండి.