ఒప్పు చెప్పినప్పుడే అడగండి, ఎలా తెలిసిందని

మా పాపకి ఆరేళ్లు. ఒక రోజు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ "నీ దగ్గర ఏడు, నా దగ్గర ఐదు, మొత్తం ఎన్ని?" అంటే పన్నెండు అని టక్కున చెప్పేసింది. ఊరికే తెలుసుకుందామని "ఎలా తెలిసింది?" అన్నాను. పిల్ల మొహం చిన్నబోయింది. "పదమూడా?" అంది.

అప్పటిదాకా ఆ ప్రశ్న నేను వేసింది తను తప్పు చెప్పినప్పుడు మాత్రమేనని అప్పుడు గాని నాకు తట్టలేదు. ఎలా అని అమ్మ అడిగిందంటే జవాబు మార్చెయ్యాలి, తను నేర్చుకున్నది అదీ. అందుకని మీరు ఇంట్లో పిల్లల చేత లెక్కలు చేయించడం మొదలుపెట్టదలిస్తే ఇక్కడే మొదలుపెట్టండి. ఒప్పు చెప్పినా తప్పు చెప్పినా ఒకే గొంతుతో "ఎలా తెలిసింది?" అని అడగండి, అడిగాక నోరు మెదపకండి. రెండోదే కష్టం. మనసులో పది అంకెలు లెక్కపెట్టుకోండి, మొదటి వారం నేను ఆరు దాటలేకపోయాను. "ఊరికే తెలిసింది" అంటారు, పర్లేదు. అప్పుడు మీ దారి మీరు చెప్పండి: "నేనైతే ఐదులోంచి మూడు తీసి నీ ఏడుకి ఇచ్చి పది చేసుకుంటాను, ఇంకో రెండు మిగులుతాయి" అని. కొన్నాళ్లకి వాళ్ల దారి వాళ్లు చెప్పడం మొదలెడతారు. మా పాపది వేరే దారి, ఐదూ ఐదూ పది, పైన ఇంకో రెండు. నాకది తట్టనే లేదు.

దీని మీద ఒక పాత ప్రయోగం ఉంది, ఇంట్లో చేసి చూడొచ్చు. ఆరేసి చింతగింజలు రెండు వరసల్లో ఎదురెదురుగా పేర్చి, రెండూ సమానమేనా అని అడగండి. అవునంటారు. ఇప్పుడు ఒక వరసలో గింజల్ని దూరం దూరంగా జరిపి మళ్లీ అడగండి. నాలుగైదేళ్ల పిల్లలు చాలామంది పొడుగ్గా ఉన్న వరసలోనే ఎక్కువున్నాయంటారు. స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే ఇది చూసి, జరిపినంత మాత్రాన సంఖ్య మారదన్న సంగతి ఆరేడేళ్లు వస్తే గాని పిల్లలకి అందదన్నాడు. తర్వాత 1970లలో ఇంకొందరు ఒక చిలిపి మార్పు చేశారు. బిళ్లల్ని పెద్దవాళ్లు జరపకుండా ఒక అల్లరి టెడ్డీబేర్ వచ్చి చెదరగొట్టినట్టు ఆడారు. ఈసారి సమానమే అన్న పిల్లల సంఖ్య బాగా పెరిగింది. పెద్దవాళ్లు వస్తువుల్ని కావాలని జరిపి అదే ప్రశ్న మళ్లీ వేస్తే, ఏదో వేరే జవాబు కోరుతున్నారని పిల్లలు అనుకుంటారన్నమాట. మా చిక్కుడుకాయల దగ్గర జరిగింది కూడా దాదాపు ఇదే.

ఇక పదుల సంగతి. ఇంగ్లిష్ మీడియం పిల్లలు "ఫోర్టీన్" అని విని 41 అని రాస్తే తిట్టకండి, ఆ మాటలో నాలుగే ముందు వినిపిస్తుంది కదా. మన పద్నాలుగులో పది ముందే కూర్చుని ఉంది, పదమూడులోనూ పదహారులోనూ అంతే. (పదకొండు, పన్నెండు వాడి వాడి అరిగిపోయాయి గానీ జాగ్రత్తగా వింటే వాటిలోనూ పది జాడ దొరుకుతుంది.) బడిలో ఏ భాషలో చెప్పినా ఇంట్లో లెక్కలు తెలుగులో కూడా ఆడించండి. దీనికి నేను వాడే సామాను కోడిగుడ్ల అట్ట ట్రే. ముప్పై గుంటలుంటాయి, ఆరు వరసలు, వరసకి ఐదు. రెండేసి వరసలుగా కత్తిరిస్తే పది గుంటల ముక్కలు మూడొస్తాయి. ఒక ముక్కలో ఎనిమిది వేరుశెనగ కాయలు పెడితే రెండు ఖాళీలు లెక్కపెట్టకుండానే కనిపిస్తాయి. ఎనిమిదికి ఐదు కలపాలంటే ముందు ఆ రెండు ఖాళీలు నింపి, మిగిలిన మూడు పక్క ముక్కలో వెయ్యాలి, పదీ మూడూ, పదమూడు. వేళ్ల మీద లెక్కపెడితే మాన్పించకండి, అవసరం తీరాక వాళ్లే మానేస్తారు.

ఆదివారం పొద్దున్న మేము విశాఖలో ఎంవీపీ కాలనీ రైతు బజారుకి వెళ్తాం. ధరల బోర్డు పెడతారు గనక లెక్కకి అంతకన్నా మంచి పుస్తకం లేదు. చిన్నవాళ్లకి "కిలోకి ఎన్ని ఉల్లిపాయలు తూగుతాయి?" చాలు, ముందు ఊహించాలి, తర్వాత లెక్కపెట్టాలి. రెండు, మూడు తరగతుల వాళ్లకైతే టమాటా ఒక కిలో 28 రూపాయలు, వంకాయలు కిలో 40 చొప్పున అర కిలో, పచ్చిమిర్చి కిలో 60 చొప్పున పావు కిలో, మొత్తం యాభై దాటుతుందా, వంద దాటుతుందా? 63 అని చెప్పక్కర్లేదు, యాభైకి పైన, వందకి లోపల అని ఎందుకు అనుకున్నారో చెబితే ఎక్కువ సంతోషించండి. చిల్లర ఇచ్చేటప్పుడు మనం తీసివేత చేస్తాం గానీ బజార్లో చాలామంది పైకి లెక్కపెడతారు: 63కి ఏడు వేస్తే డెబ్బై, ఇంకో ముప్పై వేస్తే వంద. పిల్లల్ని పక్కన నిలబెట్టి అది వినిపించండి. ముప్పావు అంటే మూడు పావులని కూడా అక్కడే చెప్పేయండి, మాట విప్పితే భిన్నం బయటికొస్తుంది.

నాకు బాగా ఇష్టమైనది ముగ్గు. అందరూ వదిలేస్తున్నది కూడా ఇదే, స్టిక్కర్ అంటించి ఊరుకుంటున్నారు. పిల్లల చేత సందు చుక్కలు పెట్టించండి: ఒకటి, కింద రెండు, కింద మూడు, మళ్లీ రెండు, ఒకటి. మొత్తం ఎన్ని? తొమ్మిది. నాలుగు దాకా వెళ్లి వెనక్కొస్తే పదహారు. ఐదు దాకా వెళ్తే? ఇక్కడ ఆగి ఊహించమనండి. ఇరవై అంటారు, ఇరవై నాలుగంటారు, చుక్కలు పెట్టి చూస్తే ఇరవై ఐదు. మూడుకి తొమ్మిది, నాలుగుకి పదహారు, ఐదుకి ఇరవై ఐదు అని ఒక కాగితం మీద రాసి గోడకి అంటించి ఊరుకోండి, ఎక్కాలు కొంచెం తెలిసిన పిల్లలు ఏదో ఒక రోజు "మూడు మూళ్లు తొమ్మిది!" అని అరుస్తారు. అలా ఎందుకవుతోందన్నది అసలు ప్రశ్న. తల ఓ పక్కకి బాగా వంచి ముగ్గుని చూడమనండి. వరసకి మూడు చుక్కల చొప్పున మూడు వరసలున్న పలకే అది, మూల మీద నిలబడిందంతే. మా పాపకి ఇది కనబడడానికి నాలుగు రోజులు పట్టింది. మధ్యలో చెప్పేద్దామని నాలిక చివరిదాకా వచ్చింది, వాళ్ల నాన్న చెప్పేయబోతే వంటింట్లోకి పిలిచేశాను.

ఆటల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, అమ్మమ్మలకి మనకన్నా తెలుసు. వామనగుంటల్లో ఒక్కో వైపు ఏడు గుంటలు, మా ఇంట్లో గుంటకి ఐదు గింజలేస్తాం, చివరి గింజ ఎక్కడ పడుతుందో పంచకముందే చెప్పమనండి. అష్టాచెమ్మాలో యాభై సార్లు గవ్వలు వేసి ఏది ఎన్నిసార్లు పడిందో గీతలు పెట్టించండి. చెమ్మా, అష్టా ఎంత అరుదో వాళ్లే చూసుకుంటారు.

రాయడం మొదలెట్టిన పిల్లలకి ఒక పరీక్ష. 8 + 4 = ___ + 5 అని రాసివ్వండి. 12 రాసేవాళ్లు ఎక్కువ, కొందరు అన్నీ కలిపేసి 17 రాస్తారు. ఈక్వల్ గుర్తంటే "ఇక్కడ జవాబు రాయి" అని వాళ్లనుకుంటున్నారు. రోజూ చేయించే లెక్కల్లో జవాబు ఎప్పుడూ కుడి వైపే ఉంటుంది గనక వాళ్ల తప్పేం లేదు. తక్కెడ తీసుకుని ఒక పళ్లెంలో ఎనిమిదీ నాలుగూ, రెండో దాంట్లో ఐదు చింతగింజలు వేసి సరితూగేదాకా ఒక్కో గింజా వేయించండి. దాదాపు ఒకే సైజు గింజలు ఏరుకోండి, లేకపోతే గొడవ. అప్పుడప్పుడు 12 = 8 + 4 అని తిరగేసి రాసి చూపించండి.

ఎక్కాలు వద్దనను, చివరికి నోటికి రావాలి. కానీ మూడు నాలుగులు అంటే నాలుగేసి కాయలున్న మూడు కుప్పలని చేతికి తెలిశాక రావాలి. అబాకస్ క్లాసులకి పంపాలా అని అడిగేవాళ్లకి నా మాట ఇదే: వేగం వస్తుందేమో గానీ ఏది కూడాలో ఏది తియ్యాలో ఆ పూసలు చెప్పవు. ఇంకోటి, మా పాప బొమ్మ గీసి చేసిన లెక్కకి బడిలో ఇంటూ పెట్టారు, పద్ధతి వేరని. జవాబు ఒప్పే. టీచర్‌తో గొడవ పెట్టుకోలేదు, "బడిలో వాళ్లలా చెయ్యి, ఇంట్లో రెండు రకాలుగా చెయ్యి" అన్నాను.

ఇవన్నీ రోజుకి పది నిమిషాలు మించితే ఆటలా ఉండదు. సాయంత్రం బీచ్‌కి వెళ్లినప్పుడు నేను అక్కడ ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కుర్సుర జలాంతర్గామిని వాడుకుంటాను, దాని పొడవు 91 మీటర్లు. ఈ చివర నుంచి ఆ చివరికి రోడ్డు మీద ఎన్ని అడుగులు పడతాయని ముందు పందెం కట్టాం. పాప వంద అంది. నడిచి చూస్తే తనకి 190 వచ్చాయి, వాళ్ల నాన్నకి 130. "నాన్న నడిస్తే చిన్నదైపోయిందా?" అని తనే అడిగింది, నేను నోరు మెదపలేదు. కాసేపటికి ఇసకలో నాన్న అడుగు పక్కన తన అడుగు పెట్టి చూసుకుని "నాన్నది పెద్ద అడుగు, అందుకే తక్కువ సరిపోయాయి, తమ్ముడికైతే నాకన్నా ఎక్కువొస్తాయి చూడు" అంది. సరే చూద్దామని వాడిని నడిపించాం, యాభై దాటాక మురీ మిక్స్చర్ బండి కనబడి వాడు లెక్క వదిలేశాడు.